మన పెళ్ళిలో మనమే చుట్టాలం

అక్టోబర్ వచ్చిందంటే, అంటే అమెరికా బేస్‌బాల్ ఆఖరి పోటీలు మొదలయ్యాయంటే, మా ఇంట్లో టీవీకి మౌనవ్రతం. బొమ్మ ఆడుతుంటుంది, మాట ఉండదు. మాట పక్కనున్న ఫోన్లోంచి, దానికి తగిలించిన చిన్న స్పీకర్లోంచి వస్తుంది. ఈ రెండూ ఓ పట్టాన కలవవు. యాంటెన్నాతో పట్టే టీవీ ముందు పరిగెడుతుంది, యాప్‌లో వచ్చే రేడియో వెనకాల నింపాదిగా నడుస్తుంది. అందుకని యాంటెన్నాకి తగిలించిన రికార్డింగ్ పెట్టెతో టీవీని ఆపి, రేడియోలో పిచర్ బంతి వేశాడని చెప్పే క్షణం కోసం చెవి రిక్కించి, సరిగ్గా అప్పుడు ప్లే నొక్కాలి. ఒక్కోసారి నాలుగైదు ప్రయత్నాలు పడుతుంది. మా ఆవిడ దీన్ని "ముహూర్తం పెట్టుకోవడం" అంటుంది. అంతా కుదిరాక నెట్ ఒక్కసారి తడబడిందా, లగ్నం తప్పినట్టే. మళ్ళీ మొదటికి.

ఇంత తిప్పలు దేనికంటే, అక్టోబర్ టీవీలో మాట్లాడేవాళ్ళు నాతో మాట్లాడరు. ఈ వ్యాసమంతా ఆ ఉక్రోషమే. కాకపోతే ఆ ఉక్రోషానికి నాకు ఎంత హక్కుందన్నది రాస్తున్న కొద్దీ అనుమానంగానే ఉంది. ఆ అనుమానం సంగతీ చెబుతాను.

క్రికెట్ మీద పెరిగినవాళ్ళకి మొదట ఒక లెక్క చెప్పాలి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు సీజన్‌కి 162 ఆటలు ఆడుతుంది. మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబర్ ఆఖరు దాకా, ఇంచుమించు రోజూ. ఇది ఎదురుచూసి చూసే పండగ లాంటిది కాదు, పొద్దున్నే వినే సుప్రభాతం లాంటిది. శ్రద్ధగా వినక్కర్లేదు. అది ఆగిపోతే మాత్రం ఇల్లు వెలితిగా ఉంటుంది. ఈ ఆరు నెలలూ ఆ ఆటని మన దగ్గరికి తెచ్చేది ఊరి గొంతు. మా డాలస్ వైపు టెక్సస్ రేంజర్స్ జట్టుకి రేడియోలో ఆ గొంతు ఎరిక్ నాడెల్‌ది. ఆయన బ్రూక్లిన్‌లో పుట్టిన మనిషి, 1979లో ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. 2014లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు ప్రసారకులకి ఇచ్చే ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు ఇచ్చారు. బంతి కంచె దాటితే "దట్ బాల్ ఈజ్ హిస్టరీ" అంటాడు. ఆ బంతి ఇక చరిత్రే అని. ఆఫీసు నుంచి వస్తూ 635 హైవే మీద కార్లన్నీ నిలబడిపోయిన సాయంత్రాలు, ఆ మాట విని స్టీరింగ్ మీద దరువేసిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

2023 సీజన్ మొదట్లో ఆ గొంతు వినపడలేదు. మానసిక ఆరోగ్యం కుదుటపడే దాకా సెలవు తీసుకుంటున్నానని ఆయనే పైకి చెప్పాడు. ఆగస్టులో తిరిగొచ్చాడు. మేం ఏనాడూ ఆయనతో మాట్లాడింది లేదు, కానీ ఊళ్ళో పెద్దాయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినంత ఊరట కలిగింది. అదే ఏడాది మా జట్టు ప్రపంచ సిరీస్‌కి వెళ్ళింది. ఏడాది విజేతని తేల్చే ఆఖరి పోటీ అది, ఏడు ఆటల్లో ముందు నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు.

ఇక్కడే అసలు పేచీ. పోస్ట్‌సీజన్, అంటే సీజన్ అయ్యాక జరిగే ఆఖరి పోటీలు, మొదలవగానే టీవీ హక్కులు జాతీయ చానెళ్ళ చేతికి పోతాయి. ఏడాదంతా మా టీవీలో ఆట చెప్పిన డేవ్ రేమండ్‌కి అక్టోబర్‌లో టీవీ మైకు ఉండదు. రేడియో ఒక్కటే ఊరికి మిగులుతుంది. ఆ ఒక్కటీ ఊరికే మిగల్లేదు, కొట్లాడితే మిగిలింది. 1980లో ఫిలడెల్ఫియా ఫిలీస్ తమ చరిత్రలో మొట్టమొదటి ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు, అక్కడి ఇష్టమైన గొంతు హ్యారీ కాలస్ ఆ గెలుపుని చెప్పలేకపోయాడు. జాతీయ ప్రసారాలకే హక్కు, ఊరి ప్రసారాలకి లేదని అప్పటి నిబంధన. ఊరు ఊరంతా మండిపడింది. ఆ తర్వాత నిబంధన మార్చి, ఊరి రేడియోకి దారి వదిలారు. కాలస్ 2008లో ఫిలీస్ మళ్ళీ గెలిచినప్పుడు ఆ మాట తన నోటితో చెప్పుకున్నాడు. మరుసటి ఏప్రిల్‌లో పోయాడు.

ఇంకా వెనక్కి వెళ్తే సంగతి మరోలా ఉండేది. 1976 దాకా ప్రపంచ సిరీస్ టీవీ ప్రసారంలో ఆడే రెండు జట్ల గొంతులనీ కూర్చోబెట్టేవారు. అంటే ఊరి గొంతు అక్టోబర్‌కి పనికిరాదన్నది ఆదినుంచీ వస్తున్న ఆచారమేమీ కాదు. మధ్యలో వచ్చి కూర్చుంది.

అక్టోబర్ వ్యాఖ్యాతల మీద అభిమానులు చెప్పే మామూలు ఫిర్యాదు పక్షపాతం. "వాడికి మనవాళ్ళంటే పడదు." ఈ ముక్క నేను ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ల దగ్గర్నుంచి ఫ్రిస్కో కొత్త ఇళ్ళ దాకా అన్నిచోట్లా విన్నాను. ముఖ్యంగా జో బక్ మీద. ఫాక్స్ చానెల్లో 24 ప్రపంచ సిరీస్‌లు చెప్పిన మనిషి. ఏ ఊరి అభిమానిని కదిపినా అతనికి మా జట్టంటే కిట్టదనేవాడే. అన్ని జట్లూ కిట్టనివాడు ఆ ఉద్యోగం ఎలా చేస్తాడో ఎవరూ ఆలోచించరు.

అయితే ఆ కోపం ఎక్కణ్ణుంచి పుడుతుందో నాకు తెలుసు. 2011 అక్టోబర్ 27, ప్రపంచ సిరీస్ ఆరో ఆట. సెయింట్ లూయిస్ కార్డినల్స్ మీద మా రేంజర్స్ సిరీస్‌లో 3-2 ఆధిక్యం. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్‌లో 7-5 మనది. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్, ముగ్గురు అవుటైతే ఆట అయిపోయినట్టే. ఇద్దరు అవుట్, బ్యాటర్‌కి రెండు స్ట్రైకులు. ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు మనది. డేవిడ్ ఫ్రీస్ కొట్టిన బంతి కుడివైపు నెల్సన్ క్రూజ్ తల మీదుగా పోయింది. సమం. పదో ఇన్నింగ్‌లో జాష్ హామిల్టన్ హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది, కొట్టి మళ్ళీ రెండు పరుగులు ముందు పెట్టాడు. మళ్ళీ ఇద్దరు అవుట్, మళ్ళీ రెండు స్ట్రైకులు, మళ్ళీ సమం. పదకొండులో అదే ఫ్రీస్ సెంటర్ ఫీల్డ్ మీదుగా ఎత్తేశాడు. అప్పుడు బక్ అన్నాడు: "వీ విల్ సీ యూ టుమారో నైట్." రేపు రాత్రి కలుద్దాం.

ఆ మాటకి వెనక ఒక కథుంది. 1991 ప్రపంచ సిరీస్ ఆరో ఆటలో, అదే పదకొండో ఇన్నింగ్‌లో, కర్బీ పకెట్ హోమ్ రన్‌తో మిన్నెసోటా గెలిచినప్పుడు బక్ తండ్రి జాక్ బక్ అన్నమాట అది. జాక్ దశాబ్దాల తరబడి కార్డినల్స్ గొంతు. కొడుకు పెరిగింది సెయింట్ లూయిస్‌లోనే. పోయిన తండ్రి మాటని, తండ్రి ఊళ్ళో, తండ్రి జట్టు గెలిచిన రాత్రి కొడుకు మళ్ళీ అన్నాడు. అమెరికా అంతా కళ్ళు తుడుచుకుంది. నేను ఆ రాత్రి ఇర్వింగ్‌లో నలుగురు రూమ్మేట్లతో కార్పెట్ మీద కూర్చుని ఉన్నాను. ఒకడు చెప్పు తీసి టీవీ వైపు విసిరాడు. తగల్లేదు. పితృభక్తి మంచిదే గానీ, మన శవం మీద నిలబడి తర్పణం వదిలితే ఎవడు మెచ్చుకుంటాడు? మర్నాడు రాత్రి కలిశాం. 6-2తో ఓడాం.

ఇన్నేళ్ళ తర్వాత ఆ ప్రసారం మళ్ళీ చూశాను. బక్‌లో పక్షపాతం వెతికాను, దొరకలేదు. హామిల్టన్ కొట్టినప్పుడూ అతని గొంతు అంతే లేచింది. అప్పుడు అనిపించింది, నేను వెతుకుతున్న నేరం వేరు, జరిగిన నేరం వేరని.

పెళ్ళి మనింట్లో అనుకోండి. ఆరు నెలలు తిరిగి సంబంధం చూసింది మనం, పందిరి గుంజలు పాతింది మనం, పిల్లకి జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నది మనం. తీరా ముహూర్తం వేళకి ఊరు కాని ఊరు నుంచి ఒకాయన మైకు పట్టుకొచ్చి, మన పక్కనే నిలబడి, "పెళ్ళికూతురు ఇంజినీరింగ్ చదివింది, చిన్నప్పుడు కష్టపడింది" అని వచ్చిన చుట్టాలకి పరిచయం చేస్తుంటాడు. అందులో తప్పుమాట ఒక్కటీ లేదు. ఆయనకి పిల్లంటే గౌరవమే. కానీ ఆ మాటలు వింటున్నంతసేపూ మన పెళ్ళిలో మనమే చుట్టాలం.

అడోలిస్ గార్సియా సంగతే తీసుకోండి. క్యూబా నుంచి బయటపడ్డాడు, కార్డినల్స్ వాళ్ళు అతన్ని కాస్త డబ్బు తీసుకుని రేంజర్స్‌కి ఇచ్చేశారు, 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ కూడా జాబితాలోంచి తీసి పక్కన పెడితే మిగతా జట్లలో ఒక్కటీ "మాకివ్వండి" అనలేదు. గొప్ప కథ. 2023 అక్టోబర్‌లో ఆ కథని నేను ప్రతి రౌండులోనూ విన్నాను. అతను బ్యాట్ పట్టుకుని నడిచి వస్తుంటే చాలు, హరికథలో పిట్టకథలాగా మొదలయ్యేది. నాడెల్ కూడా ఆ కథ చెప్పాడు, 2021లో, జరుగుతున్నప్పుడు. 2023 అక్టోబర్‌లో ఆయన చెబుతున్నది వేరు: గార్సియా ఈ వారం బయటికి జారే బంతిని వదిలేస్తున్నాడు, జూన్‌లో అయితే దాని వెంట పడేవాడు. ఒకటి పరిచయం, ఇంకోటి కబురు. ఇంట్లోవాళ్ళకి కావలసింది కబురు.

ఇదంతా రాసి, గర్వంగా ఒకసారి చదువుకుని, ఆగిపోయాను. ఎందుకంటే నేను ఈ ఆటలోకి వచ్చిందే చుట్టంగా.

2010 జులైలో డాలస్‌లో దిగాను. బేస్‌బాల్ అంటే అప్పటికి నాకు తెలిసింది క్యాపులు మాత్రమే. మా అపార్ట్‌మెంట్లో కేబుల్ లేదు, దండగని. ముందు ఖాళీ చేసినవాళ్ళు వదిలేసి వెళ్ళిన యాంటెన్నా ఉంది. రేంజర్స్ ఆ ఏడాది తొలిసారి ప్రపంచ సిరీస్‌కి వెళ్ళారు. అక్కడి దాకా తీసుకెళ్ళిన సిరీస్ కేబుల్‌లో వచ్చింది కాబట్టి మాకు తెలియదు. ప్రపంచ సిరీస్ ఫాక్స్‌లో, ఉచితంగా. అక్టోబర్ 27న మొదటి ఆట, శాన్ ఫ్రాన్సిస్కోలో. ఆఫీసులో అందరూ ఎర్రచొక్కాలు వేసుకొచ్చారని, మనం చూడకపోతే మర్నాడు కాఫీ దగ్గర బిక్కమొహం వెయ్యాలని పెట్టాను. 11-7తో ఓడిపోయాం. "ఓడిపోయాం" అన్న మాట ఆ రాత్రి అన్నానో లేదో గానీ, సిరీస్ అయ్యేసరికి అంటున్నాను.

ఆ అయిదు ఆటల్లో నాకు పలకా బలపం పట్టించింది బక్ పక్కన కూర్చున్న టిమ్ మెకార్వర్. పాత క్యాచర్. అమెరికా అభిమానులకి ఆయనంటే విసుగు. తెలిసిందే చెబుతాడు, చెప్పిందే చెబుతాడు, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెబుతాడని. నాకు కావలసింది సరిగ్గా అదే! మొదటి బేస్ (పరుగు కోసం చుట్టి రావలసిన నాలుగు మజిలీల్లో ఒకటి) ఖాళీగా ఉంటే బ్యాటర్‌ని కావాలని ఎందుకు నడిపిస్తారు, ఎడమచేతి బ్యాటర్ వస్తే ఎడమచేతి పిచర్‌ని ఎందుకు దింపుతారు, మూడో బేస్‌లో మనిషుంటే లోపలి ఫీల్డర్లు ఎందుకు ముందుకొస్తారు. ఇవన్నీ నాకు ఆయన పెట్టిన భిక్ష. ఆయన ఊరివాళ్ళ కోసం మాట్లాడి ఉంటే నేను మొదటి రాత్రే చానెల్ మార్చేవాణ్ణి.

మెకార్వర్ గొప్పతనం నాకు పూర్తిగా తెలిసింది చాలా తర్వాత, 2001 ప్రపంచ సిరీస్ ఏడో ఆట యూట్యూబ్‌లో చూసినప్పుడు. అరిజోనాలో ఆట, స్కోరు 2-2, తొమ్మిదో ఇన్నింగ్ రెండో సగం, బేసులన్నీ నిండి ఉన్నాయి, ఒక్కరే అవుట్. న్యూయార్క్ యాంకీస్ తరఫున మరియానో రివేరా వేస్తున్నాడు. పరుగు ఆపాలని లోపలి ఫీల్డర్లని ముందుకు పిలిచారు. మెకార్వర్ అన్నాడు: రివేరా బంతి ఎడమచేతివాళ్ళ మీదకి దూసుకొస్తుంది, బ్యాట్ విరిగి బంతి ఫీల్డర్ల వెనకాల దగ్గర్లోనే పడుతుంటుంది, ఇలాంటి పిచర్ వేస్తున్నప్పుడు ముందుకు రావడంలో ఉన్న ప్రమాదమిదే. తర్వాతి బంతికే లూయిస్ గొన్జాలెజ్ బ్యాట్ విరిగింది. బంతి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) డెరెక్ జీటర్ తల మీదుగా తేలి, అతను మామూలు చోట నిలబడి ఉంటే చేతిలో పడే చోట పడింది. సిరీస్ అయిపోయింది. జోస్యం చెప్పేవాళ్ళు తర్వాత మాట మారుస్తారు. మెకార్వర్‌కి ఆ అవసరం రాలేదు. అది ఊరివాడికీ చుట్టానికీ సమానంగా పనికొచ్చే మాట. ఆ ఒక్క వాక్యం వినని ఊరివాడు కూడా ఆ ఆటని సగమే చూసినట్టు.

కాబట్టి నా పేచీని కాస్త సవరించుకోవాలి. పరిచయం చెయ్యడం తప్పు కాదు. అయితే మనుషుల్ని పరిచయం చెయ్యడం వేరు, ఆటని పరిచయం చెయ్యడం వేరు. మెకార్వర్ చేసింది రెండోది. ఇప్పటి ప్రసారాల్లో మొదటిదే ఎక్కువైంది. కథలు, కన్నీళ్ళు, స్టాండ్‌లో కూర్చున్న తల్లిదండ్రుల మొహాలు, ఆట మధ్యలో మేనేజర్‌తో ఇంటర్వ్యూలు. ఆ మేనేజర్ ఏం చెబుతాడు పాపం? "కుర్రాళ్ళు బాగా ఆడుతున్నారు" అంటాడు. ఆ ముక్క కోసం ఒక బ్యాటర్ వచ్చి వెళ్ళిపోతాడు. 2015 నుంచి వచ్చిన స్టాట్‌కాస్ట్ లెక్కలు ఇంకో గోల. బంతి బ్యాట్‌ని వదిలిన వేగం, లేచిన కోణం, పడిన దూరం. వాటితో నాకు గొడవ లేదు, ఇష్టమే. తెర మీద ఉన్న అంకెని నోటితో మళ్ళీ చదవక్కర్లేదని మాత్రం మనవి.

మెకార్వర్ వెళ్ళిపోయాక ఆ కుర్చీలోకి చివరికి వచ్చినవాడు జాన్ స్మోల్ట్జ్. 213 గెలుపులు, 154 సేవ్‌లు (ఆఖర్లో వచ్చి గెలుపు కాపాడిన ఆటలు) ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్ పిచర్. తర్వాతి బంతి ఏం పడుతుందో చెప్పడంలో అతన్ని మించినవాడు ఇప్పుడు టీవీలో లేడని నా అభిప్రాయం. ఏం లాభం, ఇప్పటి ఆటంటే అతనికి ఇష్టం లేదు. మా రోజుల్లో పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్ వేసేవాడు అన్న పాట పాడుతూనే ఉంటాడు. పెళ్ళికొచ్చి పప్పు ఉడకలేదనే మేనమామ. ఒక్కోసారి పప్పు నిజంగానే ఉడకదు, అది వేరే సంగతి. 2020లో మా ఆర్లింగ్టన్ స్టేడియంలోనే ప్రపంచ సిరీస్ జరిగింది, కోవిడ్ పుణ్యమా అని. ఆరో ఆటలో టాంపా బే పిచర్ బ్లేక్ స్నెల్ తొమ్మిది మందిని స్ట్రైక్ అవుట్ చేసి, రెండే హిట్‌లిచ్చి, 73 బంతులతో ఊపు మీదున్నప్పుడు లెక్కల ప్రకారం పక్కకి తప్పించారు. లాస్ ఏంజలస్ డాడ్జర్స్ వెంటనే ముందుకెళ్ళి 3-1తో కప్పు ఎగరేసుకుపోయారు. ఆ రాత్రి మాత్రం స్మోల్ట్జ్ పాత పాట శ్రుతిలోనే ఉంది.

డాడ్జర్స్ పేరొచ్చింది కనుక విన్ స్కల్లీ దగ్గర కాసేపు ఆగాలి. 1950 నుంచి 2016 దాకా, 67 సీజన్లు ఒకే జట్టుకి గొంతు. ఒంటరిగా కూర్చుని, వినేవాడు ఒక్కడే ఉన్నట్టు మాట్లాడేవాడు. 1988 ప్రపంచ సిరీస్ మొదటి ఆటని జాతీయ చానెల్ ఎన్‌బీసీ తరఫున చెప్పాడు. అంటే ఊరి గొంతే, కానీ ఆ రాత్రి దేశం కోసం పని చేస్తోంది. డాడ్జర్స్ ఒక పరుగు వెనక, తొమ్మిదో ఇన్నింగ్, ఇద్దరు అవుట్. రెండు కాళ్ళూ సరిగా లేని కర్క్ గిబ్సన్ కుంటుతూ బ్యాట్ పట్టుకొచ్చాడు. బంతి లేచింది. "షీ ఈజ్ గాన్" అన్నాడు స్కల్లీ. పోయింది. అంతే, నోరు మూసేశాడు. నిమిషానికి పైగా ఒక్క ముక్క లేదు. జనం హోరు, గిబ్సన్ కుంటుతూ బేసులు తిరగడం, పిడికిలి వెనక్కి లాగడం. ఆ తర్వాత తీరిగ్గా ఒక వాక్యం: ఇంత అనుకోనిది జరిగిన ఏడాదిలో, జరగనే జరగదనుకున్నది జరిగింది.

ఆ నిమిషంలో ఊరివాళ్ళు లేరు, చుట్టాలు లేరు. లాస్ ఏంజలస్ వాడు తన సంతోషం తను పడ్డాడు, ఓడిన ఓక్లండ్ వాడు తన ఏడుపు తను ఏడ్చాడు, ఏ జట్టూ లేనివాడు నోరు తెరిచాడు. ఎవరి గొంతూ ఎవరికీ అడ్డం రాలేదు. "మనం గెలిచాం" అనే హక్కు అమెరికాలో అందరికంటే ఎక్కువున్న మనిషి ఆ మాట అనకుండా ఊరుకున్నాడు.

ఇప్పుడు స్కల్లీ కుర్చీలో ఉన్నది జో డేవిస్. డాడ్జర్స్ ఆటలూ అతనే చెబుతాడు, 2022 నుంచి ఫాక్స్‌లో ప్రపంచ సిరీస్ కూడా అతనే. 2024లోనూ 2025లోనూ డాడ్జర్స్ గెలిచారు గనుక, వాళ్ళ అభిమానులకి అక్టోబర్‌లో కూడా ఇంటి గొంతే వినపడింది. పెట్టి పుట్టారు. 2024 మొదటి ఆటలో పదో ఇన్నింగ్‌లో ఫ్రెడ్డీ ఫ్రీమన్, కాలిమడమ నొప్పితోనే, బేసులన్నీ నిండి ఉండగా యాంకీస్ మీద హోమ్ రన్ కొట్టాడు. ప్రపంచ సిరీస్ చరిత్రలో అలా ఆట ముగియడం అదే మొదలు. డేవిస్ "షీ ఈజ్ గాన్" అన్నాడు, తర్వాత "గిబీ, మీట్ ఫ్రెడ్డీ" అన్నాడు. గిబ్సన్‌ని ఫ్రీమన్‌కి పరిచయం చెయ్యడం. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కానీ 1988 సంగతి తెలియని కొత్త చుట్టానికి ఆ మాట ఎంత అర్థమై ఉంటుంది? చూశారా, మాట నా కోసం అన్నదైతే నాకు పరిచయాల గోల గుర్తుకు రాలేదు.

అభిమాని నీతి అంతే. నాతో సహా.

అయినా ఒక లెక్క మాత్రం నన్ను వదలదు. 2023లో రేంజర్స్, అరిజోనా ఆడిన సిరీస్‌ని సగటున 91 లక్షల మంది చూశారు. అమెరికాలో టీవీ ప్రేక్షకుల్ని లెక్కపెట్టడం మొదలయ్యాక ప్రపంచ సిరీస్‌కి అప్పటి దాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. న్యూయార్క్ లేదు, లాస్ ఏంజలస్ లేదు, మనకెందుకని మిగతా దేశం ఫుట్‌బాల్ పెట్టుకుంది. చుట్టాలు రాలేదు! పందిట్లో మేమూ అరిజోనా వాళ్ళూ కూర్చుని ఉన్నాం, మైకాయన ఖాళీ కుర్చీలకి పెళ్ళికూతుర్ని పరిచయం చేస్తున్నాడు.

దీనికి మందు లేకపోలేదు. 2025లో టొరొంటో బ్లూ జేస్ ప్రపంచ సిరీస్‌కి వెళ్ళినప్పుడు కెనడాలో స్పోర్ట్స్‌నెట్ చానెల్ తన సొంత గొంతులతోనే ఆట చెప్పించింది. డాన్ షుల్మన్, బక్ మార్టినెజ్. ఏడాదంతా విన్నవాళ్ళే. మూడో ఆట 18 ఇన్నింగ్స్ సాగి తెల్లవారుజాము దాకా పోయినా, ఏడో ఆట 11 ఇన్నింగ్స్‌లో చేజారినా, కెనడావాళ్ళు తమ దుఃఖాన్ని తెలిసిన గొంతులోనే విన్నారు. అది ఇంకో దేశం కాబట్టి కుదిరింది. కానీ అమెరికా టీవీలోనూ రెండో ఆడియో అనే మీట ఎప్పట్నుంచో ఉంది, స్పానిష్ వ్యాఖ్యానం దాని మీదే వింటారు. స్పానిష్‌లో హాయిమే హరీన్ 1959 నుంచి 2022 దాకా డాడ్జర్స్ ఆటలు చెప్పాడు, స్కల్లీకి ఏమీ తీసిపోని సేవ. ఆ మీట పక్కన ఇంకో రెండు పెట్టి, ఆ ఊరి రేడియో ఒకటి, ఈ ఊరి రేడియో ఒకటి తగిలిస్తే చుట్టాలకి చుట్టాల భోజనం, ఇంట్లోవాళ్ళకి ఇంటి భోజనం. నా ముహూర్తాల గొడవ కూడా తీరుతుంది. హక్కులు, ప్రకటనలు అంటారు. టీవీ ప్రకటనలు మూగగా చూస్తూనే ఉన్నాను కదా, ఇంకేం కావాలి?

ఆ 2023 మొదటి ఆట కూడా అక్టోబర్ 27నే పడింది. నా పంచాంగంలో అది మంచి తిథి కాదు. అమ్మ అప్పుడు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, విజిటర్ వీసా మీద. శుక్రవారం సాయంత్రం. అమ్మకి క్రికెట్ బాగా తెలుసు, అది నాన్న పుణ్యం. మా చిన్నప్పుడు నాన్న దూరదర్శన్ బొమ్మ పెట్టి, గొంతు తగ్గించి, పక్కన ట్రాన్సిస్టర్‌లో ఆకాశవాణి వ్యాఖ్యానం వినేవాడు. కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ. ఇంట్లో ఎవరికీ హిందీ రాదు, అయినా మీట తిప్పేవాడు కాదు. నా సెటప్పు చూసి అమ్మ, "మీ నాన్న పిచ్చి నీకూ వచ్చిందిరా" అంది.

రేడియో ఇంగ్లీషు అమ్మకి అందదు. "ఏరా, ఏమంటున్నాడు ఆయన?" అని ప్రతి బంతికీ అడుగుతుంది. నేను తెలుగులో చెబుతున్నాను. తొమ్మిదో ఇన్నింగ్‌లో అరిజోనా 5-3 ముందుంది. లియోడీ తవెరాస్ నడిచి మొదటి బేస్‌కి వెళ్ళాడు. "కొట్టకుండానే వెళ్ళాడేం?" అంది. నాలుగు బంతులు బయటేస్తే ఊరికే పంపిస్తారమ్మా అన్నాను. "అదేం ఆట!" ఆ తర్వాతివాడు అవుట్. కోరీ సీగర్ వచ్చాడు. ఇతనెవరు అంది. షార్ట్‌స్టాప్, మూడేళ్ళ కింద ఇదే స్టేడియంలో డాడ్జర్స్ తరఫున ఆడి కప్పు గెలిచాడు, తర్వాత మనవాళ్ళు కొనుక్కున్నారు అని మొదలుపెట్టాను. పెద్దమనిషిలాగా పరిచయం చేస్తున్నాను! వాక్యం పూర్తి కాలేదు. పాల్ సీవాల్డ్ వేసిన మొదటి బంతికే సీగర్ లేపాడు. కుడివైపు, చాలా పైకి. సీగర్ మామూలుగా రాయిలాంటి మనిషి, బేసుల మధ్య నోరంతా తెరిచి అరుస్తున్నాడు.

నేను ఏమీ చెప్పలేదు. అమ్మ కూడా, మొదటిసారి, ఏమంటున్నాడని అడగలేదు.

సీగర్ దెబ్బకి 5-5 సమమైన ఆటని పదకొండో ఇన్నింగ్‌లో గార్సియా ముగించాడు. 6-5. ఆ పరుగుతో ఒక పోస్ట్‌సీజన్‌లో 22 పరుగులు తెచ్చిన రికార్డు అతనిదైంది. అప్పటి దాకా 21తో ఆ రికార్డు ఎవరిదో అడగండి. 2011లో మమ్మల్ని ముంచిన డేవిడ్ ఫ్రీస్‌ది. అయిదు రోజుల తర్వాత ఫీనిక్స్‌లో కప్పు కూడా వచ్చింది, 2010లో శాన్ ఫ్రాన్సిస్కో తరఫున మమ్మల్ని ఓడించిన బ్రూస్ బోచీయే అప్పటికి మా మేనేజర్‌గా ఉండగా. ఇవన్నీ టీవీవాళ్ళు చెప్పే ఉంటారు, నేను వినలేదు.

ఆ మొదటి రాత్రి ఆట అయ్యేసరికి పదకొండు దాటింది. గుంటూరులో శనివారం పొద్దున తొమ్మిదిన్నర. అమ్మ నాన్నకి వాట్సాప్ కాల్ చేసింది. నేను వంటింట్లో నీళ్ళు తాగుతూ వింటున్నాను.

"ఏమండీ, ఓడిపోయారనే అనుకున్నాం. ఇద్దరు మిగిలారంట ఇంక. ఎవరో పొడుగ్గా ఉన్నాడు, వచ్చీరాగానే ఒక్కటి పీకాడండీ! మొదటి బంతికే! కప్పు దాకా పోయింది. వీడు గ్లాసు చేత్తో పట్టుకుని అట్లా ఉండిపోయాడు, నేను భయపడ్డాననుకోండి."

నాన్న ఏదో అడిగినట్టున్నాడు.

"స్కోరా? ఏమో, అవన్నీ నాకెట్లా తెలుస్తాయి. ఉండండి, చెప్పనీయండి. ఆ కొట్టినాయన పరిగెత్తుతూ అరుస్తున్నాడు చూడండీ..."